పెడలు ఊడాలి - క్రాంకు చెడకూడదు!

మీ సైకిలు పెడలు వంగిపోయింది. కొత్తది కొని తెచ్చారు. తీరా పాతదాన్ని విప్పబోతే అది కదలదు! పక్కనే సుత్తి కనిపించింది. ఆగండి! పెడలు ఎలాగూ పారవేసేదే. కాని అది బిగిసి ఉన్న క్రాంకు మీకు కావాలి. దానిలోని మరచుట్లు చెడ్డాయంటే కొత్త పెడలు కూడా అందులో నిలవదు. సుత్తి దెబ్బ ఇరుసును తిప్పదు. ఆ చుట్లనే నలుపుతుంది. కనుక, ఎంత బలం కావాలని కాక, ఏ పనిముట్టు కావాలని ముందు ఆలోచించాలి.

పెడలు ఇరుసు మీద, క్రాంకును ఆనుకొని, ఎదురెదురుగా రెండు చదునైన ముఖాలు ఉంటాయి. పానా పట్టవలసింది అక్కడే. సరైన కొలత పానా ముఖాలకు అతుక్కున్నట్లు కూర్చుంటుంది. వదులు పానా అంచులను మాత్రమే తాకుతుంది. బలం అంతే అయినా, వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతుంది కదూ! అంచులు అరిగి గుండ్రమవుతాయి, పానా జారుతుంది, మీ వేళ్ళు గొలుసు చక్రం పళ్ళకు తగులుతాయి. స్క్రూ పానా దవడలు కాస్త కదులుతూనే ఉంటాయి కాబట్టి అది అంత మంచిది కాదు. పైగా అక్కడ చోటు ఇరుకు. మందపాటి పానా దూరదు, పలుచనిదే కావాలి.

ఇక పొడవు సంగతి చూద్దాం. 15 సెంటీమీటర్ల పానా చివర 200 న్యూటన్ల బలం వేస్తే, బలభ్రామకం 0.15 × 200 = 30 న్యూటన్ మీటర్లు. పానా 30 సెంటీమీటర్లయితే, అదే బలానికి 60! అందుకే పెడలు విప్పే పానా పలుచగా, పొడవుగా ఉంటుంది.

కాని ఏ వైపు తిప్పాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. కుడి పెడలు మామూలు మరలాగే అపసవ్యదిశలో ఊడుతుంది. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుంది. అది సవ్యదిశలో ఊడుతుంది. ఎందుకిలా? మీరు తొక్కుతుంటే, మరచుట్ల మధ్య ఉన్న అతి సన్నని సందులో ఇరుసు కొద్దికొద్దిగా దొర్లుతుంది. ఆ దొర్లుడు రెండు వైపులా బిగింపు దిశలోనే ఉండాలని ఈ ఏర్పాటు. మీ పెడలు అంత గట్టిగా బిగుసుకోవడానికి ఇదీ ఒక కారణమే! ఎదురు మర సంగతి తెలియక బలం పెట్టేవాడు, విప్పుతున్నాననుకొని ఇంకా బిగిస్తాడు.

గుర్తుంచుకోవడానికి ఒక కిటుకు ఉంది. పానా పిడి పైకి ఉండేలా పట్టించి, ఏ పెడలైనా సరే, పిడిని వెనుక చక్రం వైపు లాగండి. ఊడే దిశ అదే. అయితే క్రాంకు కూడా తిరిగిపోకుండా, అవతలి పెడలును ముందుకు తెచ్చి, దాని మీద మీ స్నేహితుణ్ణి కాలు ఆనించమనండి.

తుప్పు పట్టిందా? మర దగ్గర కాస్త కిరోసిన్ వేసి, కొన్ని గంటలు వదిలేయండి. కేశనాళికల్లో నీరు పాకినట్లు అది సందుల్లోకి పాకి, పట్టు సడలడానికి తోడ్పడుతుంది. కిరోసిన్ దగ్గర నిప్పు మాత్రం ఉండకూడదు!

రైఫిలు గొట్టాన్ని దాని మూలభాగం నుంచి విప్పే నిపుణుడు పాటించేదీ ఈ సూత్రమే: పట్టు వెడల్పుగా ఉండాలి, కొలత సరిగ్గా సరిపోవాలి.

చివరగా ఒక మాట. కొత్త పెడలును మొదట వేళ్ళతోనే తిప్పి ఎక్కించండి. వేళ్ళతో తిరగకపోతే చుట్లు వంకరగా కలిశాయన్నమాట. వెంటనే తీసి, మళ్ళీ మొదలుపెట్టండి. పానా పని ఆ తరువాతే!