దవడ ఎముకను దెబ్బతీసే మందులు

ఎముకలకు బలమిచ్చేందుకు వాడే కొన్ని మందులు అరుదుగా దవడ ఎముకను దెబ్బతీస్తాయి. పన్ను పీకిన చోట పుండు మానదు. చిగురు విడిపోయి పసుపుపచ్చని ఎముక బయటపడుతుంది, చీము పట్టి వాసన వస్తుంది. కొందరికి నొప్పే ఉండదు. దవడకు రేడియేషన్ ఇవ్వకుండానే, ఈ మందులు వాడినవారిలో ఎనిమిది వారాలు దాటినా ఎముక అలాగే కనిపిస్తుంటే డాక్టర్లు ఈ జబ్బుగా నిర్ధారిస్తారు.

2003లో అమెరికాలోని మయామీకి చెందిన సర్జన్ రాబర్ట్ మార్క్స్ ఇలాంటి 36 కేసులను వైద్యలోకం దృష్టికి తెచ్చారు. వారంతా పమిడ్రోనేట్ లేదా జోలెడ్రోనిక్ యాసిడ్ వాడినవారే. తర్వాత డెనోసుమాబ్, కొన్ని క్యాన్సర్ మందులు కూడా ఈ జాబితాలో చేరాయి.

మన ఎముక నిత్యం అరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. పాత ఎముకను కరిగించే కణాలను ఎముకలకు బలమిచ్చే ఈ మందులు అణచివేస్తాయి. ఎముక పలచబడటం ఆగుతుంది కానీ, గాయమైన చోట మరమ్మతు కూడా మందగిస్తుంది. దవడపై ఉన్న చిగురు పలచన, నోట్లో సూక్ష్మజీవులు ఎక్కువ. అందుకే దెబ్బ అక్కడే, అందులోనూ కింది దవడకే ఎక్కువగా తగులుతుంది.

ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. బోలు ఎముకల వ్యాధికి ఏడాదికోసారి 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తారు. ఈ తరహా మందులు వాడే పదివేల మందిలో ఇద్దరి నుంచి ఐదుగురికే ఈ జబ్బు వస్తుందని అంచనా. క్యాన్సర్ ఎముకలకు పాకితే అదే మందును మూడు నాలుగు వారాలకోసారి 4 మిల్లీగ్రాములు ఇస్తారు. అప్పుడు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. షుగర్, పొగతాగడం, స్టెరాయిడ్లు, చిగుళ్ల జబ్బు దాన్ని ఇంకా పెంచుతాయి.

రామకృష్ణాపూర్ వంటి బొగ్గుబావుల ఊళ్లవారికి క్యాన్సర్ చికిత్స హైదరాబాద్‌లో, పంటి వైద్యం దగ్గరి పట్నంలో జరగడం మామూలే. అక్కడ ఎక్కిన సూది సంగతి ఇక్కడి పళ్ల డాక్టరుకు తెలియకపోతే చిక్కు మొదలవుతుంది. కాబట్టి సూది మొదలుపెట్టకముందే పళ్లు చూపించుకుని, పీకాల్సినవి పీకించి, పుండు మానాక చికిత్సకు వెళ్లాలి. ఆ తర్వాత ఎప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా మందు చీటీ వెంట ఉండాలి. మందు ఆపేసి ఏళ్లయినా చెప్పాల్సిందే, ఎందుకంటే జోలెడ్రోనిక్ యాసిడ్ వంటివి ఎముకలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి.

తొలిదశలో క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించడం, యాంటీబయాటిక్స్‌తో అదుపు చేస్తారు. ముదిరితే చచ్చిన ఎముకను ఆపరేషన్‌తో తీసేస్తారు. భయపడి సొంతంగా మందు మానేయడం మాత్రం ప్రమాదం. డెనోసుమాబ్ అకస్మాత్తుగా ఆపితే వెన్నుపూసలు విరిగే అవకాశముంది. మానాలా, కొనసాగించాలా అన్నది మందు రాసిన డాక్టరు, పళ్ల డాక్టరు కలిసి తేల్చాలి.