ఆట ఆగితే ఫీజు ఎవరిది?

నిరుడు మా పాణ్యం కుర్రాళ్ళం ఎనిమిది మందిమి తలా 100 రూపాయలు వేసుకొని ఒక వాలీబాల్ టోర్నమెంటుకు ఎంట్రీ ఫీజు కట్టాము. నా వంద శనగ కోతకు పోయి తెచ్చిన కూలి. వానకు గ్రౌండు చెరువైంది, ఆటలు రద్దయ్యాయి. డబ్బు అడిగితే నిర్వాహకులు కరపత్రం అడుగున "ఫీజు వాపసు లేదు" అన్న మాట చూపించారు. షామియానాకు ఖర్చయిందన్నారు, అదీ అబద్ధం కాదు.

నేను చదివేది బి.ఎస్సీ. అయినా ఉండబట్టలేక లైబ్రరీలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం తిరగేశాను. ఎవరి తప్పూ లేకుండా పని అసాధ్యమైతే ఒప్పందం చెల్లదంటుంది 56వ సెక్షను. అప్పుడు పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలంటుంది 65వ సెక్షను. దాని కింద చట్టమే ఒక ఉదాహరణ చెప్పింది. 1,000 రూపాయలు ముందే తీసుకున్న గాయకుడు జబ్బుపడి పాడలేకపోతే, కచేరీ పెట్టినవాడికి పోయిన లాభం కట్టనక్కరలేదు. ఆ వెయ్యి మాత్రం ఇచ్చెయ్యాలి. అంటే మన బస్సు ఛార్జీలు గంగపాలే గాని, ఫీజు అడగవచ్చు.

మా నాయనకు ఇదంతా చెబితే, "కోత మిషనుకు అడ్వాన్సిచ్చి, అది రాకుంటే ఊరుకుంటామా? దీనికి పుస్తకం చూడాల్నా?" అన్నాడు.

జట్టు తనంతట తాను రాకపోతే "వాపసు లేదు" అన్నది సరే. ఆటే లేనప్పుడు ఆ మాట అడ్డం పెట్టుకోవడం నాకు న్యాయమనిపించలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి రెండేళ్ళ గడువుంది; 5 లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు లేదు. రసీదు మా కెప్టెన్ ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది.