ప్లాస్టిక్ తుపాకీకి చెక్క అందం

స్కూలు వార్షికోత్సవం నాటకంలో బాబుది సిపాయి వేషం. ఇంట్లో ఉన్నదేమో నల్లటి ప్లాస్టిక్ తుపాకీ! బెంగపడకండి. మన పోలీసులు ఏళ్ల తరబడి వాడిన 303 రైఫిల్‌లో భుజానికి ఆనించే భాగం చెక్కే. ఆ చెక్క అందం మీ బొమ్మ తుపాకీకీ తెప్పించొచ్చు.

ముందుగా సబ్బునీళ్లతో జిడ్డు పోయేలా కడిగి ఆరబెట్టండి. నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, పెచ్చులుగా లేచిపోతుంది. అందుకని 320 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ప్లాస్టిక్‌కి వాడే ప్రైమర్ ఒక పూత వేయండి.

అది ఆరాక తేనెరంగు ఎక్రిలిక్ పెయింట్ రెండు పూతలు వేసి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు ముదురు కాఫీరంగులో కాసిన్ని నీళ్లు కలిపి పల్చగా పూయండి. తడి ఆరకముందే గట్టి వెంట్రుకలున్న పొడి బ్రష్‌ని పొడవునా ఒకే వైపు లాగండి. అడుగునున్న తేనెరంగు చారలుగా బయటపడుతుంది. చెయ్యి కాస్త వణికినా మంచిదే, అసలు చెక్కలోనూ గీత తిన్నగా ఉండదు కదా! నచ్చకపోతే వెంటనే తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేయండి. చివర్లో మెరుపులేని వార్నిష్ ఒక పూత.

ఒక్క మాట మాత్రం మరవకండి. గొట్టం కొసన ఎర్రరంగో నారింజరంగో ఉంటే కప్పేయొద్దు. లేకపోతే మీరే వేయండి. అచ్చం నిజందానిలా కనిపించే బొమ్మ వీధిలోవాళ్లని హడలెత్తిస్తుంది, పిల్లాడికీ ప్రమాదం తెచ్చిపెడుతుంది. నాటకం అవగానే అటకెక్కించేయండి. చప్పట్లు స్టేజీ మీద పడితే చాలు!