జపాను గుడిలో మొదటిసారి



పరాయి దేశంలో గుడికి వెళ్లాలంటే మనకు ఒకటే బెరుకు, ఏం చేస్తే తప్పవుతుందోనని! కిందటేడు మా పెద్దమ్మాయి దగ్గరికి టోక్యో వెళ్లినప్పుడు నాకూ అదే బెంగ. రైల్లో సుమారు గంట దూరంలో ఉన్న కామకురాలో హసెదెరా అనే పాత బౌద్ధాలయానికి తీసుకెళ్లింది. తీరా చూస్తే సగం మర్యాదలు మన ఇళ్లలోవే!

ద్వారం దగ్గర కాస్త తలవంచి లోపలికి వెళ్లాలి. గడప తొక్కకూడదు, దాటాలి. నీళ్లతొట్టి దగ్గర పొడుగుకాడ గరిటెతో ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. గరిటె ఎంగిలి చేయకూడదు సుమండీ! అగరొత్తి మంటను నోటితో ఊదరు, చేత్తో విసిరి ఆర్పుతారు. హుండీలో నాణెం వేసి, చేతులు జోడించి మౌనంగా నిలబడాలి. చప్పట్లు కొట్టడం షింటో గుళ్ల పద్ధతి, ఇక్కడ కొట్టరు.

కొండమీది మందిరంలో పదకొండు ముఖాల కన్నోన్ కొయ్యవిగ్రహం ఉంది. ఎత్తు 9 మీటర్ల పైమాటే. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు. కింద గుహలో ఉన్న బెంజైతెన్ ఎవరనుకున్నారు? మన సరస్వతీదేవే!

అయితే నా కాళ్లు ఆగిపోయింది మెట్ల మధ్యలో. అక్కడ వేలకొద్దీ చిన్నచిన్న రాతిబొమ్మలు బారులు తీరి ఉన్నాయి. అవి జిజో బొమ్మలు, అంటే క్షితిగర్భ బోధిసత్త్వుడివి. కడుపులోనే పోయిన బిడ్డల కోసం తల్లిదండ్రులు పెట్టుకున్నవట. అలాంటి పిల్లలు ఏటి ఒడ్డున గులకరాళ్లు పేరుస్తుంటారనీ, దయ్యాలు పడగొట్టడానికి వస్తే జిజో వాళ్లను తన అంగీ చాటున దాచుకుంటాడనీ అక్కడివాళ్ల నమ్మకం. చాలాచోట్ల జిజోకి చంటిపిల్లలకు కట్టినట్టు మెడలో ఎర్రగుడ్డ కడతారు. బిడ్డల కోసం చేయించే ఈ పూజ 1970ల నుంచి బాగా వ్యాపించింది.

మా పెద్దమ్మాయికి ముందు నాకొక కాన్పు ఆరో నెలలో పోయింది. "ఇక దాన్ని తలుచుకోకు" అన్నారందరూ, నా మంచికే. ఇన్నేళ్లూ తలుచుకోనట్టే తిరిగాను. ఆ బొమ్మల ముందు అమ్మాయికి మొదటిసారి చెప్పాను. అది మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం చాలాసేపు అక్కడే నిలబడ్డాం.

ఆ పూజ మనమూ చేయాలని నేననను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలా కడుపుకోత పడిన మనిషి ఉంటే మాత్రం మాట దాటేయకండి. ఒక్కసారి ఆమె పక్కన కూర్చుని, చెప్పింది వినండి.