రాయలసీమ పెరళ్ళకు గడ్డికోత యంత్రం: ఎంపికలో పాటించవలసిన క్రమం

కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇంటి ఆవరణ అంటే చాలా చోట్ల నాలుగైదు సెంట్ల ఖాళీ స్థలం, ప్రహరీ వెంట వేప, నిమ్మ, కరివేపాకు చెట్లు, నడవడానికి పరచిన నాపరాళ్ళు. ఏడాదిలో అధిక భాగం ఎండి ఉండే ఈ నేల, తొలకరి వాన పడిన కొద్ది వారాలకే మోకాలెత్తు కలుపుతో నిండిపోతుంది. కొడవలి, దోకుడు పార పట్టే కూలీలకు పొలాల్లో పని ముమ్మరంగా ఉండేది కూడా అప్పుడే. అందువలన వాడుకలో బ్రష్ కట్టర్ అని పిలిచే గడ్డికోత యంత్రం వైపు గృహస్థులు మొగ్గు చూపుతున్నారు.

దుకాణంలో వినిపించే మొదటి ప్రశ్న 'ఎన్ని సి.సి. ఇంజను?' అన్నది. ఎంపిక అక్కడ మొదలైతే పొరపాట్లు తప్పవు. అవసరానికి మించి బరువైన యంత్రం ఒక్క సీజను తరువాత మూలన పడుతుంది. రాతి నేలపై ఇనుప బ్లేడు ప్రమాదం తెస్తుంది. చెట్ల మొదళ్ళు గాయపడతాయి. ముందుగా నేలను, ఆ పిదప కలుపును, అటుపై ఏడాదిలో పని జరిగే గంటలను పరిశీలించి, చివరగా ఇంజను గురించి ఆలోచించడం సరైన క్రమం.

తీగ, బ్లేడు: పని చేసే తీరు

అమెరికాలోని హూస్టన్ నగరవాసి జార్జ్ బల్లాస్ 1971లో ఈ యంత్రానికి రూపకల్పన చేశాడు. కార్లను కడిగే చోట గుండ్రంగా తిరిగే బ్రష్‌లను గమనించిన ఆయన, ఖాళీ డబ్బాకు చేపల గాలపు తీగలను కట్టి తిప్పి చూశాడు. చెట్ల మొదళ్ళ చుట్టూ పెరిగే గడ్డిని కోయడమే ఆయన ఉద్దేశం.

కొడవలి పదునుతో కోస్తుంది. నైలాన్ తీగ వేగంతో కోస్తుంది. నలభై సెంటీమీటర్ల వ్యాసంతో, నిమిషానికి 7000 చుట్లు తిరిగే తీగ కొన వేగం సెకనుకు దాదాపు 147 మీటర్లు, అనగా గంటకు 500 కిలోమీటర్లకు పైమాటే. ఆ వేగంలో మెత్తని కాడ వంగే వ్యవధి లేక తెగిపోతుంది. గట్టి వస్తువు తగిలితే తీగ అరిగిపోతుంది లేదా తెగుతుంది. ఈ బలహీనతే దాని రక్షణ గుణం కూడా. ఇనుప బ్లేడుకు ఆ గుణం లేదు. రాయి తగిలినప్పుడు బ్లేడు పక్కకు ఎగిరి యంత్రాన్ని పనివాని చేతిలో బలంగా తిప్పివేస్తుంది. పళ్ళు విరిగిన సందర్భంలో ఆ ముక్క కూడా అదే వేగంతో దూసుకుపోతుంది.

మొదటి పరిశీలన: నేల

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల, కడప జిల్లాలోని ఎర్రగుంట్ల పరిసరాలు నాపరాయికి ప్రసిద్ధి. ఈ ప్రాంతపు ఇళ్ళలో నడవలకూ, గట్లకూ, కొన్ని చోట్ల ప్రహరీకి సైతం నిలువుగా పాతిన బండలనే వాడతారు. బండల సందుల్లో మొలిచే గరిక, తుంగ ఇంటివారికి నిత్య సమస్య. ఎర్ర నేలల్లో గులకరాళ్ళు పైకి తేలి ఉంటాయి.

ఇటువంటి నేలపై నైలాన్ తీగ మాత్రమే వాడదగినది. బండ అంచు తగిలినప్పుడు తీగ త్వరగా అరుగుతుంది కాబట్టి దాని ఖర్చును ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి. తీగ మందం పెంచితే మన్నిక పెరుగుతుంది గాని, బరువు వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. రెండు మి.మీ. తీగకు బదులు మూడు మి.మీ. తీగ వేస్తే అదే పొడవుకు బరువు 2.25 రెట్లు అవుతుంది. చిన్న యంత్రానికి అది మోయలేని భారమై మోటారు వేడెక్కుతుంది. తయారీదారు సూచించిన మందాన్ని మించరాదు. పొడి వాతావరణంలో నిల్వ ఉన్న నైలాన్ తేమ కోల్పోయి పెళుసుబారుతుంది. వాడబోయే తీగ చుట్టను ముందురోజు నీటిలో నానవేస్తే తిరిగి సాగుడు గుణం వస్తుంది. కర్నూలు, కడప ఎండలకు ఈ చిన్న జాగ్రత్త ఎంతో అవసరం.

రెండవ పరిశీలన: కలుపు

యంత్రం కలుపును కోస్తుందే తప్ప నిర్మూలించదు. తుంగ భూమిలోని గడ్డల నుండి, గరిక భూమిపై పాకే కాండాల నుండి, నేలలోని కాండాల నుండి మళ్ళీ చిగురిస్తాయి. వీటిని అదుపులో ఉంచడానికి మాత్రమే కోత ఉపకరిస్తుంది. పల్లేరు నేలను అంటి పెరుగుతుంది కనుక తీగ దాని మీదుగా పోతుంది. కాయ ముదిరి ఉంటే ముళ్ళకాయలు ఆవరణంతా చెదరుతాయి. పల్లేరును కాయ కట్టకముందే పారతో తీసివేయడం మేలు.

వయ్యారిభామ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఈ మొక్క వేల సంఖ్యలో విత్తనాలనిస్తుంది. దాని స్పర్శ, పుప్పొడి పలువురిలో చర్మవ్యాధినీ శ్వాస సంబంధ ఎలర్జీనీ కలిగిస్తాయి. తిరిగే తీగ మొక్కను తుంపరలుగా చిమ్ముతుంది. అందువలన పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకొని వేరుతో సహా పీకడం ఉత్తమం. కోయక తప్పనిచోట నిండు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు ధరించాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. ఆ మొక్కను యంత్రంతో కోయరాదు.

సర్కారు తుమ్మ, ముదిరిన తుత్తురబెండ వంటి కొయ్యబారిన కాండాలకు తీగ చాలదు. రాళ్ళు లేని ఖాళీ స్థలంలో ఇనుప బ్లేడు వాడవచ్చు. పెరట్లో అటువంటి మొక్కలు నాలుగైదే ఉంటే వాటికోసం పెద్ద యంత్రం కొనడం దండుగ, మచ్చుకత్తి చాలు.

కోసిన గడ్డిని పశువులకు వేసే ఇళ్ళలో తీగను వాడకపోవడమే మంచిది. తీగతో కోసిన గడ్డి నుజ్జయి, మట్టి అంటి, తెగిన నైలాన్ ముక్కలతో కలసి ఉంటుంది. మేతకు కొడవలి కోతే శ్రేష్ఠం. నైలాన్ మట్టిలో కుళ్ళదు కనుక పని ముగిసిన పిదప ఆ ముక్కలను ఏరివేయాలి.

మూడవ పరిశీలన: పని గంటలు, శక్తి వనరు

కర్నూలులో సాలీనా సగటు వర్షపాతం సుమారు 670 మి.మీ., కడపలో సుమారు 700 మి.మీ. కర్నూలులో అధిక భాగం నైరుతి రుతుపవనాల కాలంలోనే కురుస్తుంది. కడపలో ఈశాన్య రుతుపవనాల వాటా కూడా గణనీయం కావడంతో కలుపు నవంబరు, డిసెంబరు వరకు సాగుతుంది. ఐదు సెంట్ల ఆవరణను, అనగా సుమారు 200 చదరపు మీటర్లను, పర్యాయానికి గంట చొప్పున ఏడాదిలో ఐదుసార్లు కోసినా మొత్తం పని ఐదు గంటలే. మిగిలిన కాలమంతా యంత్రం ఖాళీగా ఉంటుంది. ఈ లెక్క ఎంపికను చాలావరకు నిర్ణయిస్తుంది.

విద్యుత్ తీగతో నడిచేది: ఐదారు సెంట్లలోపు, ఇంటిని ఆనుకొని ఉన్న స్థలానికి ఇది చౌక, తేలిక. ఆరుబయట వాడుకకు తగిన మందపాటి కేబులు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును ఆపే రక్షణ స్విచ్చు తప్పనిసరి. తడి గడ్డిలో వాడరాదు.

బ్యాటరీతో నడిచేది: శబ్దం తక్కువ, నిర్వహణ సులభం. ఎంతసేపు నడుస్తుందో కొనేముందే లెక్కించవచ్చు. 20 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 80 వాట్ అవర్ శక్తి ఉంటుంది. మోటారు సగటున 300 వాట్లు తీసుకుంటే అది పదహారు నిమిషాల్లో ముగుస్తుంది. అదే 40 వోల్టులది అయితే సుమారు అరగంట వస్తుంది. ఎండలో వేడెక్కిన బ్యాటరీని చల్లారకముందే ఛార్జింగుకు పెట్టరాదు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో కాక ఇంటిలోపల, సగం ఛార్జితో భద్రపరచాలి.

పెట్రోలుతో నడిచేది: పది సెంట్లు దాటిన స్థలానికి, పెరటితోపాటు తోట గట్లు కూడా ఉన్నవారికి ఇది తగినది. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోలులో నూనె కలపాలి. యంత్రాన్ని బట్టి లీటరుకు 20 నుండి 40 మి.లీ. వరకు ఉంటుంది. నూనె లేని పెట్రోలు పోస్తే పిస్టను పట్టుకుపోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు కలపనవసరం లేదు గాని నూనె మట్టం చూసి, గడువు ప్రకారం మార్చాలి. ఇళ్ళకు 25 నుండి 35 సి.సి. సరిపోతుంది. నేడు లభించే ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బురేటరులో జిగురు పేరుకుంటుంది. సీజను చివర ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అదే ఆగేవరకు నడపాలి. తొలకరికి యంత్రం స్టార్టు కాకపోవడానికి ప్రధాన కారణం ఈ జాగ్రత్త లోపించడమే.

ఏటా నాలుగైదు గంటల పని మాత్రమే ఉన్నవారికి యంత్రాన్ని అద్దెకు తీసుకోవడమో, ఇరుగుపొరుగు కలిసి ఒకటి కొనడమో లాభదాయకం. ఆ మాట చెప్పడానికి విస్తరణ శాస్త్రవేత్త సందేహించనవసరం లేదు.

చెట్లకు, నేలకు కలిగే నష్టం

లేత బెరడుకు నైలాన్ తీగ ఒక్కసారి తగిలినా గాయమవుతుంది. చుట్టూ తగిలితే ఆహార ప్రసరణ తెగి మొక్క ఎండిపోతుంది. నిమ్మ, చీనీ చెట్లలో ఇటువంటి గాయాలు బంక తెగులును కలిగించే ఫైటాఫ్తొరా సూక్ష్మజీవికి ప్రవేశద్వారాలవుతాయి. మొదలు చుట్టూ కనీసం ఒక అడుగు మేర చేతితోనే కలుపు తీయాలి. లేత మొక్కలకు నిలువునా చీల్చిన పైపు ముక్కను తొడగవచ్చు.

ఇక గడ్డిని నేలమట్టంగా గీకవలసిన అవసరం లేదు. ఐదారు సెంటీమీటర్ల మొదళ్ళు విడిచి కోస్తే వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. కోసిన గడ్డి మల్చింగుగా నిలిచి తేమ ఆవిరి కావడాన్ని తగ్గిస్తుంది. విత్తనం కట్టిన కలుపును మాత్రం అక్కడ వదలరాదు. వాన చినుకు ప్రతిదీ విలువైన ఈ ప్రాంతంలో పార కంటే యంత్రం మేలు చేసే అంశం ఇదే.

భద్రత

పనిచేసే చోటికి 15 మీటర్ల లోపు పిల్లలు, పశువులు ఉండరాదు. కంటి అద్దాలు, మూసిన బూట్లు, మందపాటి ప్యాంటు తప్పనిసరి. చెప్పులతో పని చేయరాదు. పెట్రోలు యంత్రాల శబ్దం 85 డెసిబెల్‌లను మించుతుంది కనుక చెవులకు రక్షణ కావాలి. ప్రకంపనల వలన వేళ్ళు తిమ్మిరెక్కితే విరామమివ్వాలి. రాళ్ళను, తీగలను ముందుగా ఏరి, గుబురు గడ్డిని కర్రతో కదిపి పాములు లేవని చూసుకోవాలి. వేసవిలో ఎండుగడ్డిపై వేడి సైలెన్సరు ఆనినా, బ్లేడు రాతికి తగిలి నిప్పురవ్వ పడినా మంట లేస్తుంది. ఉదయం తొమ్మిదిలోగా పని ముగించి, పక్కన నీటి బిందె ఉంచుకోవాలి. వేడిగా ఉన్న ఇంజనులో పెట్రోలు పోయరాదు.

సలహా ఇచ్చే క్రమం

గృహస్థు యంత్రం గురించి అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఐదు ప్రశ్నలు వేయాలి. స్థలం ఎన్ని సెంట్లు? బండలు, గులకరాళ్ళు ఎంత మేర ఉన్నాయి? కలుపులో గడ్డిజాతి ఎంత, కొయ్యబారినది ఎంత? గడ్డి మేతకు పోతుందా? యంత్రాన్ని ఎత్తి పనిచేసేది ఎవరు? చివరి ప్రశ్న తరచుగా విస్మరింపబడుతుంది. అరవై ఏళ్ళు దాటిన వ్యక్తి ఎనిమిది కిలోల పెట్రోలు యంత్రాన్ని భుజాన వేసుకొని గంటసేపు తిప్పడం కష్టం. నాలుగు కిలోల బ్యాటరీ యంత్రాన్ని రెండు విడతలుగా వాడడం సాధ్యమే. అందుకే కొనేముందు బెల్టు తగిలించుకొని పది నిమిషాలు నిలబడి చూడమని చెప్పాలి.

ఊటుకూరు, బనవాసి, యాగంటిపల్లె వంటి కృషి విజ్ఞాన కేంద్రాలలో ప్రదర్శనలు చదునైన పచ్చికపై కాక, బండలు పరచిన ఆవరణలో, చెట్ల మధ్య ఏర్పాటు చేస్తే యంత్రపు సామర్థ్యంతోపాటు దాని పరిమితులు కూడా ప్రజలకు తెలుస్తాయి. ఈ ప్రాంతంలోని అధిక సంఖ్యాక పెరళ్ళకు తేలికపాటి తీగ యంత్రం, ఒక కొడవలి, ఒక దోకుడు పార కలిస్తే సరిపోతాయి.