దమ్ము చక్రాలూ, మా ట్రాక్టరు టైర్లూ

మిత్రులంతా కవితలూ కథలూ రాస్తుంటే నేను ట్రాక్టరు టైర్ల గురించి రాయడం కొందరికి నవ్వు తెప్పించవచ్చు. నవ్వినా ఫరవాలేదు. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో వరి పండించే కుటుంబం. మొన్న వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళేసరికి ట్రాక్టరు వెనక టైర్ల బటను పూర్తిగా అరిగిపోయి ఉంది. కొత్త జత కొనాలంటే చిట్టీ పాడుకోవలసిందే. "ఫిజిక్సు చదువుతున్నావు గదా, నువ్వూ రారా" అని నాన్నగారు నన్ను కూడా షాపుకి తీసుకెళ్ళారు.

మా టైరు మీద 13.6-28 అని ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. (ఈ వ్యాసంలో ఆ వ్యాసం మళ్ళీ వస్తుంది, కంగారు పడకండి.) షాపాయన 14.9-28 చూపించి, "రిమ్ము అదేనండీ, కాస్త లావు, పట్టు బాగుంటుంది" అన్నాడు. నాన్నగారు దాదాపు ఒప్పేసుకున్నారు. కానీ 28 కుదిరినంత మాత్రాన చాలదు, రిమ్ము వెడల్పు కూడా కుదరాలి. ఇరుకు రిమ్ము మీద లావు టైరు ఎక్కిస్తే మధ్యభాగం ఉబ్బి అక్కడే ముందు అరుగుతుంది. పైగా దాని మొత్తం వ్యాసం మా టైరు కంటే సుమారు 5 సెంటీమీటర్లు, అంటే నూటికి 4 వంతులు ఎక్కువ. ఇరుసు తిప్పే టార్కు మారదు, వ్యాసార్ధం పెరిగింది. కాబట్టి నేలమీద లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. పాత సైజే తీసుకుందామన్నాను.

"పోనీ ఒక్కటే మార్చండి" అన్నాడు మా బాబాయి. కొత్తదీ అరిగినదీ చుట్టుకొలతలు వేరు. తిన్నగా పోతున్నా డిఫరెన్షియల్ గేర్లు మలుపు తిరుగుతున్నట్టే పనిచేస్తూ అరుగుతాయి. అదీ కుదరదు.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. షాపాయన ముందు దింపిన జత నాలుగేళ్ళ నాటిది! ఆ అంకెలు చదివి చెప్పగానే లోపలినుంచి కొత్తవి వచ్చాయి. (మూడేళ్ళ డిగ్రీ చదువులో నాన్నగారు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.)

బాబాయి వేసిన అసలు ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. "సార్వాకి ఎలాగూ దమ్ము చక్రాలు వేస్తాం గదా, ఈ రబ్బరుకింత డబ్బెందుకు? రీబటను చాలదా?" నానిన మట్టిలో ఒక పొర ఇంకో పొర మీద జారిపోతుంది. టైరు బటన్ల మధ్య బంకమట్టి నిండిపోతే టైరు నున్నటి గుండు అయిపోతుంది, ఉన్నచోటే తిరుగుతుంది. దమ్ము చక్రం పంజరంలా ఖాళీగా ఉంటుంది కనుక మట్టి కూరుకోదు. దాని ఇనుప పలకలు తెడ్డు నీటిని నెట్టినట్టు బురదని వెనక్కి నెడతాయి. అయితే దానితో తారురోడ్డు ఎక్కితే రోడ్డు చితికిపోతుంది, జరిమానా కూడా పడుతుంది. ధాన్యం ట్రక్కు లాగడానికీ మెట్టదుక్కికీ రబ్బరే కావాలి. మాకు ఏడాదిలో ఎక్కువ పని అదే.

పాత టైర్లు తీసేముందు చిన్న ప్రయోగం చేశాను. టైరు మీద సుద్దగీత గీసి, గట్టినేల మీద బరువులేకుండా పది చుట్లు తిప్పితే 41 మీటర్లు నడిచింది. దుక్కిలో అవే పది చుట్లకి 31 మీటర్లే. అంటే నాలుగో వంతు డీజిలు జారుడుకే పోతోంది! కొత్తవి వేశాక దుక్కిలో 36 వచ్చింది. నాన్నగారికి చిట్టీ బాధ కాస్త తగ్గింది.

జారడం నష్టమే గాని, అసలు జారకపోవడం ఇంకా ప్రమాదం. ఇది మా బాబాయికి స్వయంగా తెలుసు. ఒకసారి దమ్ములో ట్రాక్టరు ఇరుసు దాకా దిగబడితే, చక్రాలకి ముందు దుంగ అడ్డంగా కట్టి క్లచ్చు వదిలాడట. ఇంజను చక్రాన్ని తిప్పాలి. చక్రం తిరగనంటే న్యూటన్ మూడో సూత్రం ప్రకారం ట్రాక్టరే ఆ ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు రొమ్ము ఎత్తు లేచాయి. ఆయన క్లచ్చు తొక్కేశాడు గనుక ఇవాళ నాతో వాదించడానికి ఉన్నాడు. ఇలా వెనక్కి తిరగబడిన ట్రాక్టరు కింద బురదలో ప్రాణాలు పోయినవాళ్ళ వార్తలు ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం.

దిగబడితే రివర్సులో రావాలి, రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించాలి. గొలుసు ఎప్పుడూ ఇరుసు కంటే కిందే కట్టాలి. దాళ్వా దమ్ములకి ఇంటికి వెళ్ళే హాస్టలు మిత్రులు సీటెక్కే ముందు ఒకసారి బండి ముందుకెళ్ళి, ముందు బరువులు బిగించి ఉన్నాయో లేదో చూడండి. మావి మూడేళ్ళుగా పశువులపాకలో ఓ మూల పడి ఉన్నాయి.