కరెంటు తీగల మీద ఇంటర్నెట్: హామ్ రేడియో అభ్యంతరం



రేడియో తరంగాల గురించి మీరు భౌతికశాస్త్రంలో చదువుకునే ఉంటారు. వేగం, తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, వీటి మధ్య ఉండే సంబంధం మీకు తెలుసు. కాని ఆ తరంగాలను ఎవరు వాడుకోవాలి, ఒకరి వాడకం మరొకరికి అడ్డువస్తే ఎవరు తప్పుకోవాలి అనే ప్రశ్నలు పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించవు. ఇవి భౌతికశాస్త్రమూ చట్టమూ కలిసే చోట పుట్టే ప్రశ్నలు. అటువంటి ఒక తగాదాను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇది అమెరికాలో 2003లో మొదలై ఎనిమిదేళ్లకు పైగా నడిచింది. కరెంటు తీగల మీదుగా ఇంటర్నెట్ అందించాలనుకున్న కంపెనీలు, వాటిని ప్రోత్సహించిన ప్రభుత్వ సంస్థ ఒక వైపు. హామ్ రేడియో ఔత్సాహికులు మరో వైపు.

ముందుగా హామ్‌లు ఎవరో చూద్దాం. పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్సు పొంది, సొంత రేడియో స్టేషన్ నుంచి ఇతర ఔత్సాహికులతో మాట్లాడేవారిని హామ్‌లు అంటారు. ఇది వ్యాపారం కాదు. ఈ సంభాషణలకు డబ్బు తీసుకోకూడదు. నేర్చుకోవడం, ప్రయోగాలు చేయడం, ఆపదలో సాయపడడం వీరి పని. మన దేశపు హామ్ స్టేషన్ల సంకేతనామాలు చాలావరకు 'వీయూ' అనే అక్షరాలతో మొదలవుతాయి. హైదరాబాదులో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎందరో యువతీ యువకులకు ఈ విద్యలో శిక్షణ ఇచ్చింది.

ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్లింది. 1987 తరువాత ఆ దీవుల నుంచి హామ్ ప్రసారాలు జరగడం అదే మొదలు. ప్రపంచం నలుమూలల ఉన్న ఔత్సాహికులతో మాట్లాడడానికే వారు వెళ్లారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. మామూలు టెలిఫోన్ వ్యవస్థ దెబ్బతిన్నది. అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ఆ బృందం తమ పరికరాలతోనే ప్రధాన భూభాగానికి, ఇతర దీవులకు సమాచారం చేరవేసింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇటువంటి స్టేషన్ల ప్రసార శక్తి చాలా తక్కువ. ఆకాశవాణి కేంద్రాలు కిలోవాట్లలో ప్రసారం చేస్తే, ఇవి కొన్ని పదుల వాట్లతోనో, వందో రెండు వందల వాట్లతోనో పనిచేస్తాయి. ఆ తరంగాలు అయనోస్ఫియర్‌ను తాకి వందల, వేల కిలోమీటర్ల దూరంలో కిందికి వచ్చేసరికి ఎంతో బలహీనమైపోతాయి. అయినా వినిపిస్తాయి. ఎందుకంటే వినే చోట ఆ పౌనఃపున్యం మీద రొద తక్కువ. సంకేతం ఎంత బలంగా ఉంది అన్నదొక్కటే ముఖ్యం కాదు, రొద కంటే ఎంత ఎక్కువగా ఉంది అన్నదే ముఖ్యం. పెళ్లి పందిట్లో సన్నాయి మోగుతుండగా పక్కవాడి గుసగుస వినబడుతుందా? సన్నాయిని తప్పు పట్టనక్కరలేదు, కాని గుసగుస మాత్రం పోయినట్టే. హామ్‌ల అభ్యంతరమంతా ఈ రొద గురించే.

కొద్దిగా వెనక్కి వెళ్దాం. 1912లో అమెరికా ప్రభుత్వం చేసిన రేడియో చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. అంటే 1500 కిలోహెర్ట్జ్, ఆ పైన. అప్పటి నిపుణుల లెక్కలో ఆ చిన్న తరంగాలు దూరప్రయాణానికి పనికిరానివి. కాని 1921 డిసెంబరులో అమెరికాలోని కనెక్టికట్ నుంచి ఔత్సాహికులు పంపిన సంకేతాలు స్కాట్లాండులో వినిపించాయి. 1923 నవంబరులో అమెరికా, ఫ్రాన్స్ ఔత్సాహికులు అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ఇరువైపులా మాట్లాడుకున్నారు. దానితో షార్ట్‌వేవ్ విలువ అందరికీ తెలిసింది. విలువ తెలిసిన చోట పోటీ తప్పదు కదా! ప్రసార సంస్థలు, నౌకలు, సైన్యాలు అన్నీ చోటు అడిగాయి. 1925లో పారిస్‌లో ఔత్సాహికుల అంతర్జాతీయ సంఘం ఏర్పడడానికి ఈ పోటీ కూడా ఒక కారణం. నాటి నుంచి ఆ సంఘం అంతర్జాతీయ సమావేశాల్లో హామ్‌ల తరఫున వాదిస్తూనే ఉంది. 2003 ప్రపంచ రేడియో సమావేశంలో ఐరోపా, ఆఫ్రికా, ఆసియా ప్రాంతాల హామ్‌లకు 7100 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకు అదనపు చోటు దొరికింది. అక్కడున్న ప్రసార కేంద్రాలు ఖాళీ చేయడానికి 2009 మార్చి వరకు గడువిచ్చారు. మన దేశమూ ఈ ప్రాంతాల్లోనే ఉంది.

స్పెక్ట్రం ధర ఎటువంటిదో మనకు తెలియనిది కాదు. 2010లో మన దేశంలో 3జి వేలం ద్వారా ప్రభుత్వానికి వచ్చింది 67 వేల కోట్ల రూపాయల పైమాటే. వేలం పాడే శక్తి హామ్‌లకు లేదు. కనుక వారు తమ చోటు కాపాడుకోవాలంటే కొలతలు, కారణాలు చూపించాలి. ఇప్పుడు అసలు తగాదాలోకి వద్దాం.

ఇంటింటికీ కరెంటు తీగ ఉంది. దాని మీదనే ఇంటర్నెట్ సమాచారాన్ని కూడా పంపితే కొత్తగా తీగలు లాగే ఖర్చు మిగులుతుంది, పల్లెటూళ్లకు కూడా వేగవంతమైన ఇంటర్నెట్ వస్తుంది. ఆలోచన నిజంగానే ఆకర్షణీయమైనది. దీనిని ఆశపెట్టే మాటగా కొట్టిపారేయకూడదు. చిక్కల్లా ఆ సమాచారాన్ని మోసే పౌనఃపున్యాల దగ్గర వచ్చింది. అవి సుమారు 2 నుంచి 80 మెగాహెర్ట్జ్ వరకు. హామ్‌ల షార్ట్‌వేవ్ బ్యాండ్లు 3.5, 7, 14, 21, 28 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్నాయి. అంటే సరిగ్గా వీటి నడుమనే.

తీగలో పోయే సంకేతం గాలిలోకి ఎందుకు రావాలి అని మీరు అడగవచ్చు. టెలిఫోన్ తీగలు జంటగా మెలివేసి ఉంటాయి. రెండు తీగల్లోని ప్రవాహాలు ఎదురెదురు దిశల్లో ఉండి, వాటి క్షేత్రాలు బయట చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. స్తంభాల మీది కరెంటు తీగలకు ఈ మెలిక లేదు. ఒకదానికొకటి ఎడంగా, పైన ఏ లోహపు తొడుగూ లేకుండా వందల మీటర్లు సాగుతాయి. 14 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం దాదాపు 21 మీటర్లు. అటువంటి తరంగానికి ఆ తీగ చక్కని యాంటెన్నా!

అమెరికాలో లైసెన్సు అవసరం లేని పరికరాలకు ఒక పాత నియమం ఉంది. అవి లైసెన్సు ఉన్న సేవలకు హానికరమైన అంతరాయం కలిగించకూడదు. తమకు అంతరాయం కలిగితే సహించాలి. (మన దేశంలో 2005లో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు తీసివేసినప్పుడు కూడా ఇదే సూత్రం పెట్టారు.) కరెంటు తీగల ఇంటర్నెట్ ఈ తరగతిలోకే వస్తుంది. 2004 అక్టోబరులో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్.సి.సి., దీనికి నిబంధనలు ప్రకటించింది. విమానయానానికి వాడే కొన్ని బ్యాండ్లను పూర్తిగా మినహాయించింది. హామ్ బ్యాండ్లకు అటువంటి మినహాయింపు ఇవ్వలేదు. అంతరాయం కలిగితే ఫిర్యాదు చేయవచ్చు, అప్పుడు సరిచేస్తారు అన్నది.

అమెరికన్ రేడియో రిలే లీగ్ అనే హామ్‌ల సంఘం దీనితో తృప్తి పడలేదు. వారి వాదనలో కీలకమైన భాగం ఒక అంకె మీద నిలబడింది. దీనిని కాస్త నిదానంగా చూద్దాం.

నియమం ప్రకారం తీగ నుంచి 30 మీటర్ల దూరంలో విద్యుత్ క్షేత్రం మీటరుకు 30 మైక్రోవోల్టులు దాటకూడదు. కాని వీధిలో ప్రతిచోటా 30 మీటర్ల దూరం దొరకదు. అందుకని 10 మీటర్ల దగ్గర కొలిచి, 30 మీటర్ల దగ్గర ఎంత ఉంటుందో లెక్కకడతారు. ఎలా లెక్కకట్టాలి? దూరం పది రెట్లు పెరిగితే క్షేత్రం 40 డెసిబెల్స్ తగ్గుతుందని ఎఫ్.సి.సి. తీసుకుంది. అంటే నూరో వంతు అవుతుంది. మరో విధంగా చెప్పాలంటే క్షేత్రం దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని. హామ్‌లు 20 డెసిబెల్స్‌కు దగ్గరగా తీసుకోవాలన్నారు. అంటే పదో వంతే, కేవలం దూరానికి విలోమానుపాతం.

తేడా ఎంతో చూడండి. 10 మీటర్ల దగ్గర 270 మైక్రోవోల్టులు వచ్చిందనుకోండి. దూరం మూడు రెట్లు అయింది. ఎఫ్.సి.సి. పద్ధతిలో 270ని 9తో భాగించాలి, వచ్చేది 30. పరికరం నియమానికి లోబడినట్టే. హామ్‌ల పద్ధతిలో 3తో భాగించాలి, వచ్చేది 90. అనుమతించిన దానికి మూడు రెట్లు! అదే తీగ, అదే కొలత. భాగహారం మారితే తీర్పే మారిపోయింది.

ఏది సరైనది? చిన్న పరికరానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు క్షేత్రం దూరంతో పాటు వేగంగా పడిపోతుంది. 40 డెసిబెల్స్ అంకె అక్కడ నప్పుతుంది. కరెంటు తీగ చిన్న పరికరం కాదు, వీధి పొడవునా సాగే మూలం. దాని నుంచి పక్కకు జరిగినా మరో భాగం దగ్గరే ఉంటుంది. అందుచేత తగ్గుదల నెమ్మదిగా ఉండాలన్నది హామ్‌ల వాదన. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చేసిన కొలతలను కూడా వారు సమర్పించారు. ఇక్కడ హామ్‌ల భౌతికశాస్త్రమే గట్టిదని నా అభిప్రాయం.

సమాచార హక్కు చట్టం కింద లీగ్ మరో పని చేసింది. ఎఫ్.సి.సి. ఇంజనీర్లు స్వయంగా చేసిన పరిశీలనల నివేదికలు అడిగింది. అవి వచ్చాయి గాని, కొన్ని పేజీలు నల్లగా కొట్టివేసి ఉన్నాయి. లీగ్ 2006లో కోర్టుకు వెళ్లింది. 2008 ఏప్రిల్ 25న వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. ఒక నిర్ణయానికి ఆధారమైన అధ్యయనాల్లో తమకు నచ్చిన భాగాలు చూపించి మిగతావి దాచడం తగదని, ప్రజలు వాటి మీద వ్యాఖ్యానించే అవకాశం ఉండాలని చెప్పింది. 40 డెసిబెల్స్ అంకెను ఎందుకు ఎంచుకున్నారో కూడా సరిగా వివరించలేదని తప్పుపట్టింది. లీగ్ అడిగిన మిగతా విషయాల్లో ఎఫ్.సి.సి. పక్షాన నిలిచింది. కోర్టు ఏ అంకె సరైనదో తేల్చలేదు. కారణం చెప్పమన్నది, అంతే.

తరువాత ఏమైంది? నివేదికలు పూర్తిగా బయటపెట్టారు. 2011లో ఎఫ్.సి.సి. తన 40 డెసిబెల్స్ అంకెను నిలుపుకుంది, కాని ఆయా స్థలంలో నేరుగా కొలిచి వేరే అంకె వాడుకోవడానికి వీలిచ్చింది. ఫిర్యాదు వచ్చినప్పుడు హామ్ బ్యాండుల్లో సంకేతాన్ని 20కి బదులు 25 డెసిబెల్స్ తగ్గించగలిగి ఉండాలన్నది. సామర్థ్యం లెక్కలో నూరో వంతుకు బదులు దాదాపు 316వ వంతు. హామ్‌లకు దక్కింది సగం విజయమే. ఈలోగా వర్జీనియాలోని మనసాస్ అనే పట్టణం 2010 జూలై నుంచి తన కరెంటు తీగల ఇంటర్నెట్‌ను ఆపివేసింది. దేశంలో ఎక్కువ పేరు పొందిన పథకాల్లో అది ఒకటి. హామ్‌ల వల్లనే ఈ సాంకేతికత పోయిందనుకోవడం సరికాదు. కేబుల్, టెలిఫోన్ తీగల ఇంటర్నెట్ అప్పటికే దానికంటే ముందుకు వెళ్లిపోయాయి.

హామ్‌లు ఇంటర్నెట్‌కు శత్రువులు కూడా కారు. ఇంటి లోపలి కరెంటు తీగల మీద కంప్యూటర్లను కలిపే హోమ్‌ప్లగ్ అనే పద్ధతిని రూపొందించినప్పుడు లీగ్ ఆ ఇంజనీర్లతో కలిసి పనిచేసింది. హామ్ బ్యాండ్ల దగ్గర మొదటి నుంచే ఖాళీలు వదిలారు. తగాదా రాలేదు.

పైగా ఒకప్పుడు ముద్దాయిలు హామ్‌లే. 21 మెగాహెర్ట్జ్‌ను మూడుతో గుణించండి, 63 వస్తుంది. ఇది మూడో హరాత్మకం. పాత టెలివిజన్ నాలుగో చానల్ 61 నుంచి 68 మెగాహెర్ట్జ్ వరకు ఉండేది. హామ్ తన ప్రసారిణిని శుభ్రంగా ఉంచుకోకపోతే పక్కింటివారి దూరదర్శన్ తెరపై గీతలు పడేవి. ఎక్కువ పౌనఃపున్యాలను ఆపే ఫిల్టర్ పెట్టుకోవడం హామ్ బాధ్యత.

నేడు రొద వీధి స్తంభం నుంచే రానక్కరలేదు. చవక ఎల్.ఇ.డి. బల్బులు, ఫోన్ చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు, వీటన్నిటిలోనూ కరెంటును సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్లు ఉన్నాయి. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ రేడియోను మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, వెలుగుతున్న బల్బు దగ్గరికి, చార్జర్ దగ్గరికి తీసుకువెళ్లి చూడండి. తరువాత పెద్దల అనుమతితో, వారి చేతనే ఇంటి మెయిన్ స్విచ్ ఆపించండి. రొద ఆగితే మూలం మీ ఇంట్లోనే ఉంది. ఆగకపోతే బయట ఉంది. తేదీ, సమయం, పౌనఃపున్యం, ఎంత దూరంలో ఎలా వినిపించింది అన్నవి పుస్తకంలో రాసుకోండి. మన దేశంలో ఇటువంటి అంతరాయాలను పరిశీలించడానికి 1952 నుంచి వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది. లైసెన్సు గల హామ్ ఫిర్యాదు చేసినా ముందుగా ఉండవలసినవి ఈ వివరాలే.

చివరగా ఒక లెక్క. కరెంటు తీగ నుంచి 3 మీటర్ల దూరంలో మీటరుకు 600 మైక్రోవోల్టులు వచ్చింది. 30 మీటర్ల దగ్గర ఎంత ఉంటుందో పైన చెప్పిన రెండు పద్ధతుల్లోనూ కట్టి, 30 మైక్రోవోల్టుల పరిమితితో పోల్చి చూడండి.